పాలస్తీనా సమస్య: హైదరాబాదు నుండి చూచినచో

దిల్లీ నగరములో కొంతకాలము ఉద్యోగము చేసిన తెలుగువారందరును ఏదో ఒకనాడు తీన్‌మూర్తి కూడలిని దాటియే యుందురు. జవహర్‌లాల్ నెహ్రూగారు ప్రధానిగా నివసించిన భవనము ఎదుట, ఒక రాతి స్తంభము చుట్టును ముగ్గురు సైనికుల కంచు విగ్రహములు నిలిచియున్నవి. సచివాలయములో చేరిన క్రొత్తలో నేను దినమునకు రెండుమారులు బస్సులో ఆ విగ్రహములను చుట్టి పోవుచుంటిని. వారెవరని ఎన్నడును అడిగి తెలిసికొనలేదు. కొన్ని ఏండ్ల తరువాత ఒక ఆదివారమునాడు కాలినడకన పోయి దగ్గరగా చూచితిని. ఆ ముగ్గురిలో ఒకడు జోధపురపు సైనికుడు, ఒకడు మైసూరువాడు, మూడవవాడు మన హైదరాబాదు సంస్థానపు అశ్వికుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున సినాయి, పాలస్తీనా, సిరియా ప్రాంతములలో పోరాడిన దళములకు గుర్తుగా 1922లో ఆ స్మారకమును నిర్మించిరి. 2018 జనవరిలో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని నామకరణము చేసిరి. హైఫా పాలస్తీనా తీరమందలి ఒక రేవు పట్టణము.

పాలస్తీనాను గూర్చిన వార్త పత్రికలో కనబడినప్పుడెల్ల మన ఇండ్లలో రెండు మాటలు వినబడుచుండును. "అది వేల ఏండ్లనాటి మతవైరము, తీరునది కాదు" అనునది ఒకటి. "ఎక్కడి పాలస్తీనా, ఎక్కడి మనము" అనునది రెండవది. ఈ రెండును సరికావని నా అభిప్రాయము. ఆ వైరము వయస్సు నూరు, నూటయిరువది ఏండ్లకు మించదు. దాని పుట్టుకలోను, పెరుగుదలలోను మన దేశమునకు, అందును హైదరాబాదునకు, సంబంధము కలదు. మన సమితి సంచికకు చరిత్ర విషయమై ఏదైన వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు ఆ కంచు అశ్వికుడే నాకు ముందుగా జ్ఞప్తికి వచ్చెను.

ఆ నేల, ఆ జనులు

పాలస్తీనా పెద్ద దేశము కాదు. బ్రిటిషువారి పాలనలో దాని వైశాల్యము సుమారు 26 వేల చదరపు కిలోమీటర్లు. అనగా మన పాత అనంతపురము జిల్లాకు ఒకటిన్నర రెట్లయినను లేదు. ప్రాచీనకాలమున యూదుల రాజ్యములు అచ్చట వర్ధిల్లినవి. క్రీ. శ. 70లో రోమనులు జెరూసలేములోని యూదుల దేవాలయమును ధ్వంసము చేసిరి. పిదప జరిగిన తిరుగుబాట్లు విఫలముకాగా యూదులు అనేక దేశములకు చెదరిపోయిరి. కొలదిమంది మాత్రము అచ్చటనే నిలిచిరి. ఏడవ శతాబ్దమున అరబ్బుల పాలన వచ్చెను. కాలక్రమమున ఆ నేలమీది రైతులు, వర్తకులు అరబ్బీ భాషను తమ భాషగా చేసికొనిరి. వారిలో అధిక సంఖ్యాకులు మహమ్మదీయులు, కొందరు క్రైస్తవులు. 1516 నుండి నాలుగు వందల ఏండ్లు ఆ దేశము ఆటోమన్ తురుష్క సామ్రాజ్యమున ఒక భాగముగా ఉండెను. ఆ కాలమున అచ్చటి యూదులకు అన్ని విధముల సమానత్వము ఉండెనని చెప్పజాలము. కాని ఆ దేశము ఎవరిదను ప్రశ్నమీద యుద్ధములు జరుగలేదు.

యూదులకు మిక్కుటమైన బాధలు కలిగినది ఐరోపాలో. 1492లో స్పెయిను రాజులు వారిని దేశము నుండి వెడలగొట్టగా, ఆశ్రయమిచ్చిన వారిలో తురుష్క సుల్తాను ఒకడు. 1881 తరువాత రష్యా సామ్రాజ్యములో యూదుల ఇండ్లమీద, అంగళ్లమీద మూకుమ్మడి దాడులు జరిగినవి. 1894లో, నాగరకతకు పుట్టినిల్లని పేరొందిన ఫ్రాన్సులో, డ్రైఫస్ అను యూదు సైనికాధికారికి చేయని నేరమునకు దేశద్రోహిగా శిక్ష విధించిరి. ఆ విచారణకు వార్తాహరుడుగా పోయినవారిలో థియొడోర్ హెర్జెల్ ఒకడు. యూదులకు ప్రత్యేక రాజ్యము కావలెనని అతడు 1896లో ఒక గ్రంథము ప్రకటించెను. 1897 ఆగస్టులో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున మొదటి జియోనిస్టు మహాసభ జరిగెను. తమ పూర్వుల నేలయగు పాలస్తీనాలో యూదులకు గృహము ఏర్పరచవలెనన్నది దాని తీర్మానము.

అట్లు వచ్చినవారు మొదట కత్తి పట్టి రాలేదు, వెల యిచ్చి భూములు కొనిరి. కాని అమ్మినవారిలో పలువురు బేరూతు మొదలగు పట్టణములలో నివసించు పెద్ద భూస్వాములు. ఆ భూమిని తరతరములుగా దున్నుకొనుచున్న కౌలుదారులకు, క్రొత్త యజమాని వచ్చి పొమ్మన్ననాడు గాని సంగతి తెలిసెడిది కాదు. జమీందారీలను, దేశ్‌ముఖుల పెత్తనమును ఎరిగిన తెలుగువారికి ఈ విషయము విడమరచి చెప్పనక్కరలేదు. పట్టా ఒకరిది, నాగలి మరియొకరిది. కలహమునకు తొలి బీజము ఇచ్చట పడెను. 1911లో జాఫా రేవు పట్టణమున ఇద్దరు అరబ్బు క్రైస్తవులు 'ఫలస్తీన్' అను పత్రికను స్థాపించి ఈ విషయమును చర్చింపసాగిరి. దీనిని కేవలము హిందూ మహమ్మదీయ తగాదా వంటి మతకలహముగా తలచువారు ఆ పత్రికా స్థాపకుల మతమును గమనింపవలెను.

ఒకే నేలకు మూడు మాటలు

1914లో యుద్ధము వచ్చెను. తురుష్కులు జర్మనీ పక్షమున చేరిరి. వారిని లోపలినుండి బలహీనపరచుటకై బ్రిటిషువారు 1915-16 సంవత్సరములలో మక్కా షరీఫు హుస్సేనుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, తిరుగుబాటు చేసినచో అరబ్బులకు స్వాతంత్ర్యము నిచ్చెదమనిరి. 1916 మే నెలలో ఆ ప్రాంతములనే తమలో పంచుకొనుటకు ఫ్రాన్సుతో రహస్యముగా ఒడంబడిక చేసికొనిరి. 1917 నవంబరు 2వ తేదీన విదేశాంగ మంత్రి బాల్ఫర్, పాలస్తీనాలో యూదుల జాతీయ గృహస్థాపనకు తమ ప్రభుత్వము తోడ్పడునని రాత్‌చైల్డ్ ప్రభువునకు లేఖ వ్రాసెను.

ఆ లేఖ మిక్కిలి చిన్నది, ఒక్క వాక్యములో విషయమంతయు ఇమిడియున్నది. అందులో ఆనాటి జనాభాలో నూటికి తొంబదిమందిగా నున్న అరబ్బుల పేరు లేదు. "యూదులు కాని సమాజములు" అను అర్థమిచ్చు పదములతో వారిని పేర్కొని, వారి పౌర, మత హక్కులకు భంగము కలుగరాదని చెప్పిరి. రాజకీయపు హక్కుల మాట లేదు. ఆ దేశమున ఎవరు ఉండవచ్చును, ఎవరు ఏలవచ్చును అను విషయమున అచ్చటివారిని ఒక్క మాట అడిగినవారు లేరు.

ఈ లేఖను బ్రిటిషు మంత్రివర్గములో ఎదిరించినవారిలో ఇద్దరు మన దేశ చరిత్రలో పేరెన్నికగన్నవారు. ఒకరు భారత వ్యవహారముల మంత్రి ఎడ్విన్ మాంటెగు. ఆయన స్వయముగా యూదుడు. 1917 ఆగస్టు 20న భారతదేశమునకు క్రమముగా బాధ్యతాయుత ప్రభుత్వము నిత్తుమని ప్రకటించిన ఆ మాంటెగుయే, అదే నెలలో, యూదులకు ప్రత్యేక జాతీయ గృహమని చెప్పుట వలన తక్కిన దేశములలోని యూదులు పరదేశీయులుగా పరిగణింపబడుదురని మంత్రివర్గమునకు హెచ్చరికపత్రము సమర్పించెను. రెండవవారు పూర్వపు రాజప్రతినిధి కర్జన్ ప్రభువు. వంగదేశమును విభజించి చేయి కాల్చుకొన్న ఆయన, పాలస్తీనాలో ఇదివరకే ఉన్న జనుల గతి యేమని ప్రశ్నించెను. వారి మాట చెల్లలేదు.

నిజాము అశ్వికులు

ఇక మన కంచు అశ్వికుని కథ. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1914లో యుద్ధము ప్రారంభము కాగానే బ్రిటిషువారి పక్షము వహించెను. తురుష్క సుల్తాను ఖలీఫా, అనగా మహమ్మదీయ ప్రపంచమునకు పెద్ద. అతనిమీద యుద్ధము చేయుటకు భారతీయ మహమ్మదీయులు సంకోచించు సమయమున, దేశములో అందరికన్న పెద్ద సంస్థానాధీశుడగు నిజాము, బ్రిటిషువారియెడ విధేయులై యుండుడని ప్రకటన చేసెను. ఆ సంవత్సరాంతముననే హైదరాబాదు అశ్విక దళము ఓడలెక్కి ఈజిప్టు చేరెను. మైసూరు తదితర సంస్థానముల అశ్వికులతో కలిసి అది 15వ అశ్విక బ్రిగేడుగా ఏర్పడి, మొదట సూయజు కాలువను కాపాడి, తరువాత సినాయి ఎడారి దాటి పాలస్తీనాలో ప్రవేశించెను.

సంస్థాన దళముల పోషణభారము సంస్థానములదే. కావున ఆ గుఱ్ఱముల మేతకు, ఆ సైనికుల జీతములకు వెచ్చించిన ధనములో నల్లగొండ, వరంగల్లు రైతులు చెల్లించిన శిస్తు కలదు. వారినిగూడ ఎవరును అడుగలేదు.

1917 డిసెంబరు 11న జనరల్ అలెన్‌బీ జెరూసలేము నగరములో కాలినడకన ప్రవేశించెను. 1918 సెప్టెంబరు 23న జోధపురము, మైసూరు అశ్వికులు మరఫిరంగుల కెదురుగా గుఱ్ఱములను దౌడు తీయించి హైఫాను పట్టుకొనిరి. హైదరాబాదు దళము ఆనాటి దాడిలో లేదు, వేరు విధులలో ఉండెను. అయినను ఆ దండయాత్ర అంతటను అది పాల్గొన్నది. నిజామునకు 1918లో 'బ్రిటిషు ప్రభుత్వమునకు విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అను బిరుదు లభించెను. పాలస్తీనా బ్రిటిషువారి చేతికి చిక్కెను.

మాండేటు కాలము

అచ్చటి ప్రజలను అడుగుటకు ఒకే ఒక ప్రయత్నము జరిగెను. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సను పంపిన కింగ్-క్రేన్ సంఘము ఊరూర తిరిగి విన్నపములు స్వీకరించి, జియోనిస్టు ప్రణాళికను చాలవరకు తగ్గింపవలెనని నివేదించెను. ఆ నివేదిక 1922 వరకు వెలుగు చూడలేదు. ఆ సంవత్సరముననే నానాజాతి సమితి పాలస్తీనా పాలనాధికారమును, బాల్ఫర్ వాగ్దానముతో సహా, బ్రిటనునకు అప్పగించెను. 1922 జనాభా లెక్కల ప్రకారము మొత్తము ప్రజలు 7,57,182 మంది. వారిలో మహమ్మదీయులు 5,90,890, యూదులు 83,794, క్రైస్తవులు 73,024.

1929 ఆగస్టులో జెరూసలేములోని పవిత్ర కుడ్యము వద్ద హక్కులనుగూర్చి పుట్టిన వివాదము దొమ్మీగా మారి 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు మరణించిరి. హెబ్రానులో వధింపబడిన 67 మంది యూదులలో, జియోనిస్టు ఉద్యమముతో నిమిత్తము లేక తరతరములుగా అచ్చటనే నివసించు కుటుంబములవారు కలరు. పొరుగువారిలో కొందరు అరబ్బులు తమ ఇండ్లలో యూదులను దాచి రక్షించిరనియు చరిత్ర చెప్పుచున్నది.

1933లో జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చెను. 1935 ఒక్క సంవత్సరములో 60 వేలకు పైగా యూదులు పాలస్తీనా చేరిరి. 1938 జూలైలో 32 దేశముల ప్రతినిధులు ఫ్రాన్సులోని ఏవియన్ పట్టణమున కూడి యూదు కాందిశీకుల విషయమై సానుభూతి ప్రకటించిరి గాని, బహు కొలది దేశములు మాత్రమే తలుపు తెరచినవి. ప్రాణభీతితో వచ్చినవారికి పాలస్తీనా తప్ప దిక్కులేకపోయెను. ఇంకొక ప్రక్క, తమ దేశములో తామే అల్పసంఖ్యాకులము కాబోవుచున్నామను భీతి అరబ్బులను పట్టుకొనెను. 1936లో వారు సార్వత్రిక సమ్మె చేసిరి, అది మూడేండ్ల తిరుగుబాటుగా మారెను. 1937లో పీల్ సంఘము దేశవిభజనను మొదటిసారి సూచించెను. 1939 శ్వేతపత్రముతో బ్రిటిషువారు యూదుల రాకను ఐదేండ్లకు 75 వేలకు పరిమితము చేసిరి. అది ఐరోపాలో యూదులకు తలదాచుకొన చోటు మిక్కిలి అవసరమైన ఘడియ. తరువాత ఆరేండ్లలో నాజీలు అరువది లక్షలమంది యూదులను చంపిరి.

1938 నవంబరు 26 నాటి 'హరిజన్' పత్రికలో గాంధీజీ ఈ విషయమై వ్యాసము వ్రాసిరి. యూదుల బాధలపట్ల తమకు సంపూర్ణ సానుభూతి కలదనుచునే, అరబ్బుల సమ్మతి లేక, బ్రిటిషు తుపాకుల నీడలో వారి దేశమున స్థిరపడుట న్యాయము కాదనిరి. అహింసతో జర్మనీలోనే నిలువుడని ఆయన యూదులకు ఇచ్చిన సలహాను ఆనాడే పలువురు యూదు పండితులు నొచ్చుకొని ఖండించిరి. ఆ సలహా మాట ఎట్లున్నను, సమ్మతి యను మాటను ఆయన విడువలేదు.

ఖలీఫా, నిజాము, జెరూసలేము

తురుష్క సామ్రాజ్యమును కూల్చిన సేనలో తన అశ్వికులను పంపిన నిజాము, తరువాత ఆ వంశమునకే ఆశ్రయదాత అయ్యెను. 1924 మార్చిలో ముస్తఫా కెమాలు ఖలీఫా పదవిని రద్దుచేసి చివరి ఖలీఫా అబ్దుల్ మజీదును దేశమునుండి పంపివేసెను. ఫ్రాన్సులో తలదాచుకొన్న ఆయనకు నిజాము నెలకు 300 పౌనుల భృతి ఏర్పాటు చేసెను. 1931 నవంబరులో నీస్ నగరమున ఖలీఫా కుమార్తె దుర్రెషెహవారు నిజాము పెద్ద కుమారుని, ఆ వంశపు కన్యయే యగు నీలోఫరు రెండవ కుమారుని వివాహమాడిరి. హైదరాబాదులో నీలోఫరు ఆసుపత్రిలో బిడ్డలకు వైద్యము చేయించుకొన్న మన తెలుగు తల్లులకు ఆ పేరు వెనుక ఇంతటి చరిత్ర యున్నదని తెలియకపోవచ్చును.

జెరూసలేము ముఫ్తీ హజ్ అమీన్ అల్ హుసేనీ పాలస్తీనా అరబ్బుల నాయకుడు. భారతీయ మహమ్మదీయుల ధనసహాయము, అభిమానము అతనికి కావలసియుండెను. ఖిలాఫత్ నాయకుడు మౌలానా మహమ్మదాలీ 1931 జనవరిలో లండనులో మరణింపగా, ఆయన దేహమును జెరూసలేమునకు తెప్పించి పవిత్ర ప్రాంగణమున ఖననము చేయించెను. 1933లో అతడు స్వయముగా భారతదేశము వచ్చి హైదరాబాదు దర్శించి, జెరూసలేములో నెలకొల్పదలచిన విశ్వవిద్యాలయమునకు నిజాము నుండి విరాళము స్వీకరించెను. ఆ విద్యాలయము రూపొందలేదు. ఇదే ముఫ్తీ తరువాత బెర్లిను చేరి హిట్లరుతో చేతులు కలిపి తన ప్రజల పక్షమునకు చెరుపరాని మచ్చ తెచ్చెను.

రెండు తేదీలు

1947 ఫిబ్రవరి 18న పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్య సమితికి అప్పగించుచున్నామని బ్రిటిషు ప్రభుత్వము తమ పార్లమెంటులో తెలిపెను. రెండు దినములు గడచి 20వ తేదీన, 1948 జూను నాటికి భారతదేశమును విడిచి పోవుదుమని అట్లీ ప్రకటించెను. అప్పులపాలైన సామ్రాజ్యము ఒకే వారములో రెండు ఇండ్ల తాళములు వదలుకొనెను.

సమితి 11 దేశముల సంఘమును నియమించెను. అందు భారత ప్రతినిధి లాహోరు హైకోర్టు న్యాయమూర్తి సర్ అబ్దుర్ రహమాను. ఏడు దేశములు విభజనను కోరినవి. భారతదేశము, ఇరాను, యుగోస్లావియా మాత్రము యూదులకును అరబ్బులకును స్వపరిపాలన గల ఒకే సమాఖ్య రాజ్యము మేలనినవి. ఆ నివేదికమీద సంతకములైనది ఆగస్టు 31న. అప్పటికి రెండు వారములుగా పంజాబు తగులబడుచున్నది, ఆ న్యాయమూర్తి పనిచేసిన లాహోరు వేరొక దేశమున చేరినది. విభజన వలదని మనవారు చెప్పిన మాటకు అంతకన్న సాక్ష్యము అక్కరలేదు.

1947 నవంబరు 29న సమితి మహాసభ 33 ఓట్లతో విభజనను ఆమోదించెను. భారతదేశము వ్యతిరేకముగా ఓటు వేసిన 13 దేశములలో ఒకటి. జనాభాలో మూడవవంతుగా నున్న యూదులకు నూటికి సుమారు 55 వంతుల నేల నిర్ణయమయ్యెను. యూదులు అంగీకరించిరి, అరబ్బులు నిరాకరించిరి. సరిగా ఆ దినముననే, 1947 నవంబరు 29న, భారత ప్రభుత్వమునకును నిజామునకును యథాతథపు ఒడంబడిక కుదిరెను. హైదరాబాదు భవిష్యత్తు ఒక సంవత్సరము వాయిదా పడెను.

1948 మే 14న బెన్ గురియను ఇజ్రాయిలు రాజ్యస్థాపనను ప్రకటించెను. మరునాడు పొరుగు అరబ్బు దేశముల సేనలు లోనికి వచ్చినవి. అంతకు ముందే, ఏప్రిలు 9న దైర్ యాసీను గ్రామములో నూరుమందికి పైగా అరబ్బు గ్రామస్థులను యూదు సాయుధులు చంపిరి. నాలుగు దినముల తరువాత జెరూసలేములో ఆసుపత్రికి పోవుచున్న వైద్యులు, దాదులు మున్నగు 78 మందిని అరబ్బు సాయుధులు చంపిరి. సంధి కుదుర్చుటకు సమితి పంపిన కౌంటు బెర్నడాటును యూదు తీవ్రవాదులు జెరూసలేము వీధిలో కాల్చి చంపిరి. అది 1948 సెప్టెంబరు 17. ఆనాడే హైదరాబాదులో నిజాము సేన లొంగిపోవుచున్నట్లు రేడియోలో ప్రకటన వెలువడెను.

ఈ రెండు తేదీల కలయిక కాకతాళీయము. కాని ఒకే సమయమున, ఒకే సామ్రాజ్యము తప్పుకొన్న రెండు చోట్ల ఏమి జరిగెనో పోల్చి చూచుటకు అది మనకు పనికివచ్చును. హైదరాబాదు కథ శాంతికథ యని నేను చెప్పబోను. రజాకార్లు తెలంగాణ పల్లెలలో చేసిన ఘోరములను మన పెద్దలు కన్నీటితో చెప్పుచుండిరి. సేనలు వచ్చిన తరువాత మరాట్వాడా మొదలగు చోట్ల నిరపరాధులగు మహమ్మదీయులు బలియైరి. మృతుల సంఖ్య 27 వేల నుండి 40 వేల వరకు ఉండవచ్చునని సుందర్‌లాల్ సంఘము అంచనా వేసెను. ఈ రెండింటిలో ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాదు.

అయినను తరువాత ఒక పని జరిగెను. 1950 జనవరి 26 నాటి రాజ్యాంగము, హైదరాబాదులో నివసించు హిందువునకు, మహమ్మదీయునకు, లొంగినవానికి, గెలిచినవానికి ఒకే పౌరసత్వము నిచ్చెను. 1951 వరకు అడవులలో తుపాకి పట్టిన పక్షమువారు 1952 ఎన్నికలలో నిలిచిరి. రావి నారాయణరెడ్డిగారు నల్లగొండ నుండి నెహ్రూగారి కన్న అధికముగా ఓట్లు పొంది పార్లమెంటులో ప్రవేశించిరి. ఎంత ఆలస్యముగానైనను, ఎంత రక్తము చిందిన తరువాతనైనను, ఆ నేలమీది వారిని అడిగిరి. పాలస్తీనా అరబ్బులకు ఆ దినము రాలేదు.

కాందిశీకులు

1949లో సంధులు కుదురునాటికి పూర్వపు పాలస్తీనాలో నూటికి 78 వంతులు ఇజ్రాయిలు వశమయ్యెను. గాజా ఈజిప్టు చేతను, పశ్చిమ తీరము జోర్డాను చేతను చిక్కినవి. ఏడు లక్షలకు పైగా అరబ్బులు ఇండ్లు విడిచిరి. కొందరు భయపడి పోయిరి, కొందరిని తరిమివేసిరి. తిరిగి రాగోరువారిని రానీయవలెనని 1948 డిసెంబరు 11న సమితి తీర్మానించెను. అది అమలు జరుగలేదు. తలుపునకు తాళము వేసి తెచ్చుకొన్న ఇంటి తాళపుచెవులను తాతలు మనుమలకు ఇచ్చి పోవుట ఆ శిబిరములలో ఆచారమయ్యెను. మరొక ప్రక్క, అరబ్బు దేశములలో తరతరములుగా వసించిన యూదులకును నిలువనీడ లేకపోయెను. 1950-51లో ఒక్క ఇరాకు నుండియే సుమారు 1,20,000 మంది సమస్తమును విడిచి ఇజ్రాయిలు చేరిరి.

భిలాయివారమైన మనకు కాందిశీకులనగా ఎవరో తెలియనిది కాదు. రాయపురము విమానాశ్రయమునకు పోవువారందరును మానా పేరు వినియుందురు. తూర్పు బెంగాలు నుండి వచ్చినవారికొరకు 1964లో అచ్చట పెద్ద శిబిరము వెలసెను. అందుండి వేలాది కుటుంబములను దండకారణ్య ప్రణాళిక క్రింద బస్తరులోని పరల్‌కోటకును, ఒడిషాలోని మల్కాన్‌గిరికిని పంపిరి. చేపలు, వరిమళ్లు ఎరిగిన జనులకు రాతినేల నిచ్చిరి. ఆ బాధ పడలేక 1978లో పలువురు సుందరవనములకు తిరిగిపోయి, అచ్చటను నిలువలేక కష్టములపాలైరి. కాని ఇచ్చట నిలిచినవారి మనుమలు నేడు మన కర్మాగారములలో, బడులలో, కచేరీలలో మనతోపాటు పనిచేయుచున్నారు. గాజా శిబిరములో పుట్టినవాని మనుమడును శిబిరములోనే పుట్టెను. ఇద్దరు తాతల దుఃఖమును ఒకటియే కావచ్చును, మనుమల బ్రతుకులు మాత్రము ఒకటి కాలేదు.

1967 తరువాత

1967 జూనులో ఆరు దినముల యుద్ధమున ఇజ్రాయిలు పశ్చిమ తీరమును, తూర్పు జెరూసలేమును, గాజాను, సినాయిని, గోలాను కొండలను ఆక్రమించెను. 1956 తరువాత గాజాలో కాపలాయున్న సమితి శాంతిసేనలోని భారత సైనికులు కొందరు ఆ యుద్ధమున ప్రాణములు కోల్పోయిరి. ఆక్రమిత ప్రదేశముల నుండి వైదొలగుట, అన్ని రాజ్యములును నిర్భయముగా బ్రతుకుట అను రెండు సూత్రములను 242వ తీర్మానము కలిపి చెప్పెను. 1979 సంధితో సినాయి ఈజిప్టునకు తిరిగి దక్కెను. పశ్చిమ తీరములో మాత్రము ఇజ్రాయిలు వలసగ్రామములు పెరుగుచు వచ్చినవి. 1987లో పాలస్తీనీయుల ప్రజాందోళన చెలరేగెను.

భారతదేశము ఇజ్రాయిలును గుర్తించినది 1950 సెప్టెంబరు 17న. అది హైదరాబాదు లొంగుబాటుకు రెండేండ్లు నిండిన దినము. పూర్తి దౌత్యసంబంధములు మాత్రము నలువది యేండ్లకు పైగా ఏర్పడలేదు. వాని నేర్పరచినది ఒక తెలుగువాడు. నిజాము ఏలుబడిలో వందేమాతరము పాడిన విద్యార్థులలో ఒకరై చదువునకు ఊరు విడిచిన పి. వి. నరసింహారావుగారు ప్రధానిగా 1992 జనవరి 29న ఆ నిర్ణయము ప్రకటింపజేసిరి. ఆయనయే విదేశాంగ మంత్రిగా నుండిన 1980లో దిల్లీలోని పాలస్తీనా విమోచన సంస్థ కార్యాలయమునకు పూర్తి దౌత్య ప్రతిపత్తి లభించియుండెను. 1988 నవంబరులో మన దేశము పాలస్తీనా రాజ్యమును గుర్తించెను. ఒక చేయి ఇటు, ఒక చేయి అటు చాచుట అవకాశవాదమని కొందరందురు. ఇద్దరి హక్కును ఒప్పుకొనుటకు వేరు మార్గము నాకు కనబడుటలేదు.

1993 సెప్టెంబరు 13న రాబిను, అరాఫతు కరచాలనము చేసికొనిరి. 1995 నవంబరు 4న రాబినును ఒక యూదు యువకుడే కాల్చి చంపెను. 2000లో చర్చలు చెడినవి, మరల రక్తపాతము. 2005లో ఇజ్రాయిలు గాజా నుండి వైదొలగినను, 2007లో హమాసు దానిని చేజిక్కించుకొనిన పిదప ఆ చిన్న నేల చుట్టును దిగ్బంధము బిగిసెను. 2023 అక్టోబరు 7న హమాసు సాయుధులు సరిహద్దు దాటి సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా కొనిపోయిరి. ప్రతిగా ఇజ్రాయిలు సాగించిన యుద్ధములో గాజాలో పదుల వేలమంది మరణించిరి. వారిలో పసిపిల్లలు అసంఖ్యాకులు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ ఒడంబడిక కుదిరెను.

ఈ వార్తలు వినునప్పుడు మన ఇండ్లలోను గుండెలు కొట్టుకొనును. ఇజ్రాయిలులో వృద్ధులకు సేవచేయు పనివారిలో తెలంగాణ జిల్లాలవారు కలరు. అరబ్బు దేశములలో కష్టించు తెలుగువారు లక్షలలో ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువ కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను కొలది తెలుగు కుటుంబములవారు యూదమతాచారములను పాటించుచున్నారు. ఎవరు ఎవరిని కొట్టినను ఏదో ఒక తెలుగు ఇంటికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

భిలాయి కర్మాగారమునకు 1955లో ఒడంబడిక జరిగినప్పుడు ఇచ్చటివి పల్లెలు, వరిచేలు. ఆ పల్లెలవారు భూములు విడువగా, దేశము నలుమూలల నుండి వచ్చిన మనవంటివారము ఇచ్చట ఇండ్లు కట్టుకొంటిమి. మన పిల్లలు ఇదియే తమ ఊరందురు. అది నిజము. ఇది తమ ఊరని ఛత్తీస్‌గఢీ రైతు మనుమడు చెప్పు మాటయు నిజము. ఈ రెండు నిజములును ఒక్క బడిలో, ఒక్క ఓటరు పట్టికలో ఇముడుచున్నవి గనుక మనము పండుగలు చేసికొనుచున్నాము, సంచికలు అచ్చు వేసికొనుచున్నాము.

పాలస్తీనాలో ఇట్లు ఇముడలేదు. అచ్చటి యూదులకు పోవుటకు మరియొక ఇల్లు లేదు, అరబ్బులకును లేదు. ఒక రాజ్యమో, రెండు రాజ్యములో నిర్ణయింపవలసినవారు వారు. ఆ నిర్ణయము ఏదైనను ఇరువురిని అడిగి చేయవలసినది. ఇకమీదట దిల్లీ పోయినప్పుడు మన పిల్లలను తీన్‌మూర్తి వద్ద ఒక ఐదు నిమిషములు నిలిపి, ఆ ముగ్గురిలో హైదరాబాదు అశ్వికుని చూపించి, అతడు ఎవరి మాటమీద, ఎవరి నేలకు పోయెనో చెప్పుడు.